తీసేసిన కండెన్సర్లు

బంగారు గనులు మూసిన కొత్తలో మా వీధిలో ఎప్పుడు చూసినా ఏదో ఒక ఇంటి ముందు లారీ నిలబడి ఉండేది. ఊరిగాంలో మాది కంపెనీ క్వార్టర్సు, రేకుల కప్పు ఇళ్ల వరస. ఖాళీ చేసేవాళ్లు మంచాలూ బీరువాలూ ఎక్కించుకుని, బరువనిపించినవీ విరిగినవీ గోడ పక్కన పెట్టి వెళ్లిపోయేవాళ్లు. వాటిని ఎవరు కావాలంటే వాళ్లు తీసుకోవచ్చు. మొదట్లో తీసుకునేవాళ్లు ఉండేవాళ్లు. పోను పోను ఆ తీసుకునేవాళ్లు కూడా ఖాళీ చేసి పోయారు.

ఎదురు వరసలో ఒక ఆంగ్లో ఇండియన్ ఫోర్‌మన్ కుటుంబం ఉండేది. వాళ్లు వెళ్లిపోయిన రోజు సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చేసరికి, మా ఆయన ముందు గదిలో నేల మీద కూర్చుని ఒక రేడియోను తడిగుడ్డతో తుడుస్తున్నారు. పాతకాలపు వాల్వు రేడియో, లోపల బల్బుల్లాంటి గాజు వాల్వులుండే రకం. రెండు చేతులూ వేస్తే గాని లేవనంత బరువైన చెక్క పెట్టె. ముందు వైపు చీకిపోయిన గుడ్డ, దాని కింద గాజు పలక, పలక మీద సన్నటి అక్షరాలతో ఎక్కడెక్కడి ఊళ్ల పేర్లో.

"పాడతాదా ఇది?" అని అడిగాను.

"పాడదంట. చానా ఏండ్లుగా పాడలేదంట."

"మళ్ల ఏమిటికి తెచ్చినారు?"

"బయట పెట్టేసినారు. మోడం పట్టి ఉండాది. తడిసిపోతాది గదా."

ఆ వారమంతా కలిపి ఆయన నాతో మాట్లాడిన మాటలు అవే అనుకుంటాను.

మా ఆయన గని స్టోర్సులో క్లర్కుగా చేసేవారు. కిందికి దిగి పని చేసిన మనిషి కాదు, దిగేవాళ్లకు కావలసిన సామాను పైనుండి ఇచ్చే మనిషి. బోల్టులు, బేరింగులు, పంపు వాషర్లు, మోటార్లు, లోపల ఏది పాడైనా మనిషి ఆయన కిటికీ దగ్గరికి రావలసిందే. ఆ కిటికీకి ఒక పద్ధతి ఉండేది. పాతది తెచ్చి ఇస్తేనే కొత్తది. విరిగిపోయిన ముక్కైనా సరే, చేతిలో పెట్టాలి. పెళ్లయిన కొత్తలో ఇంట్లో కూడా అదే వరస. చీపురు అరిగిపోయిందంటే, "పాతది యాడ?" అనేవారు. నాకు నవ్వొచ్చేది. ఆయనకు నవ్వెందుకో అర్థమయ్యేది కాదు.

మాకు పిల్లలు లేరు. నేను బేతమంగళ ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు టీచర్ని. నా జీతం ఉంది కాబట్టి గనులు మూసినా మా పొయ్యి ఆరిపోలేదు. వీధిలో వాళ్లు అది చూసి మమ్మల్ని అదృష్టవంతులన్నారు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను.

మొదటి షిఫ్టుకు ఊదే సంగు, అదే గని సైరను, ఆగిపోయిన తర్వాత కూడా ఆయన ఆ వేళకే లేచేవారు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వసారాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. కొన్ని నెలలకు ఇస్త్రీ మానేశారు. తర్వాత చొక్కా మానేశారు. తర్వాత గడ్డం గీసుకోవడం. పొద్దున నేను బస్సుకు వెళ్తూ ఏ కుర్చీలో చూసి వెళ్లానో, సాయంత్రం అదే కుర్చీలో కనిపించేవారు. నేను కలిపి ఇచ్చి పోయిన కాఫీ పక్కనే మీగడ కట్టి ఉండేది. గాలి తిరిగిన రోజుల్లో బంగారం తీసేసిన మట్టి పోసిన సైనైడు దిబ్బల మీంచి దుమ్ము లేచి వసారా అంతా తెల్లగా పరుచుకునేది. ఆయన కాళ్ల మీద కూడా. దులుపుకునేవారు కాదు.

ఊళ్లో చాలామంది లాగే ఆయనా ఒకసారి బెంగళూరు ఉద్యోగానికి ప్రయత్నించారు. బట్టల ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు పని. చీకటితోనే రైలెక్కి పోయేవారు. కొన్నాళ్లు వెళ్లారు. ఒకరోజు పొద్దున్నే మధ్యలో ఏదో స్టేషన్లో దిగి, ఎదురు రైలు పట్టుకుని ఇంటికి వచ్చేశారు.

"ఏమైంది?" అన్నాను.

"ఆడ పాతది అడగరు. ఎవురు ఏమి అడిగితే అది ఇచ్చేసేదే. ఏది యాడికి పోతావుందో ఎవురికీ పట్టదు." చెప్పులు విప్పి గోడకు పెట్టి, "ఇంగ నేను పోను," అన్నారు. మళ్లీ పోలేదు.

అలాంటి మనిషి వాన వస్తుందని ఒక రేడియోను ఎత్తుకుని ఇంటికి తెచ్చారు. నాకు అది చిన్న సంగతిగా అనిపించలేదు. వెంటనే మా తమ్ముడికి ఫోను చేశాను.

మా పుట్టిల్లు రాయల్పాడు. తమ్ముడు బెంగళూరులో ఒక ఎలక్ట్రానిక్సు ఫ్యాక్టరీలో సూపర్వైజరు. బంగారుపేటలో కాపురం పెట్టి రోజూ రైల్లో వెళ్లి వచ్చేవాడు. పాత రేడియోలు బాగుచేయడం వాడికి చిన్నప్పటి పిచ్చి. ఆ ఆదివారం వచ్చి, పెట్టె వెనక అట్ట విప్పి, లోపలి ఇనుప పళ్లేన్ని బయటికి లాగి బల్ల మీద తిరగేసి పెట్టాడు. చిక్కుపడిన తీగల మధ్య వేలి లావు గొట్టాలు, మైనం కారి, దుమ్ము అంటుకుని, కాలిన వత్తుల్లా ఉన్నాయి.

"వాల్వులు బాగుండాయి బావా," అన్నాడు తమ్ముడు. "చచ్చిపోయినేది ఈ కండెన్సర్లే. లోపల కాయితం చుట్టి మైనం పోసి ఉంటారు. ఇన్నేండ్లకు మైనం కారిపోయి, కాయితానికి చెమ్మ పట్టేసి ఉంటాది. కరెంటును యాడ ఆపాల్నో ఆడ ఆపలేవు. వీటిని మార్చకుండా కరెంటు ఇచ్చినామంటే బాగుండే వాల్వు గూడా కాలిపోతాది."

"అన్నీ మార్చాల్నా?" అన్నారు మా ఆయన. ఆయన తనంతట తాను ప్రశ్న అడిగి ఎన్నాళ్లయిందో.

"అన్నీ మార్చాల్సిందే. ఈ చదరంగా ఉండేవి మాత్రం మైకావి. అవి చెడవు."

"ఒకటేసారి తీసేస్తావా?"

"లేదు బావా. ఒకటి తీసి, దాని జాగాలో కొత్తది పెట్టి, అప్పుడు ఇంగొకటి. అన్నీ తీసేసినామంటే ఏది యాడిదో తెలీకుండా పోతాది."

మా ఆయన తల ఊపారు. ఆ పద్ధతి ఆయనకు నచ్చింది. అది నాకు ఆయన భుజాలు చూస్తే తెలిసిపోయింది.

తమ్ముడు బెంగళూరు ఎస్.పి. రోడ్డులో కొత్త కండెన్సర్లు కొని తెచ్చాడు. పసుప్పచ్చవి, నిగనిగలాడుతూ, పాతవాటి సైజులో పావు వంతు కూడా లేవు. ఆ తర్వాత వరసగా ఆదివారాలు మా ముందు గది వర్క్‌షాపులా ఉండేది. తమ్ముడు సాల్డరింగ్ ఐరన్‌తో పాతదాని కాళ్లు వదులు చేసి తీసేవాడు. మా ఆయన దాన్ని అందుకుని, తుడిచి, కాగితంలో చుట్టి, ఖాళీ బిస్కెట్ల డబ్బాలో పెట్టేవారు. పెట్టిన తర్వాతే కొత్తది తీసి తమ్ముడి చేతిలో పెట్టేవారు. ఆ వరస ఎవరూ చెప్పలేదు. ఆయన చేతులకే గుర్తుంది. తమ్ముడు నావైపు చూసి కళ్లతోనే నవ్వాడు. నేను వంటింట్లోకి పోయి ఊరికే కాసేపు నిలబడ్డాను.

మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో ఐరన్ ఆయన చేతికే ఇచ్చాడు తమ్ముడు. మొదటి అతుకు రెండుసార్లు వేసి గాని ఆయన వదల్లేదు. వారం మధ్యలో గడ్డం గీసుకోవడం మొదలుపెట్టారు. "ఆదివారం వస్తాడా మీ తమ్ముడు?" అని బుధవారం నుంచే అడిగేవారు. నేను బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పిల్లల నోటుబుక్కులు దిద్దకుండా ఒడిలో పెట్టుకుని, మా ఇల్లు మళ్లీ మామూలు ఇల్లు అవుతుందని ఊహించుకునేదాన్ని.

అలా పని చేస్తున్న ఒక మధ్యాహ్నమే ఆయన ఆ సంగతి చెప్పారు. ఎవరూ అడగలేదు. తలెత్తకుండా, తీగ చివర గీకుతూ మొదలుపెట్టారు.

"మూసేది ఖాయమైనాక, స్టోర్సులో ఉండేదంతా కండెమ్ చెయ్యమన్నారు, పనికిరాదని రాసెయ్యమన్నారు. పాతదైతే సరే. కొత్తవి గూడా. గ్రీజు కాయితం విప్పనేలేదు, బేరింగులు, మోటార్లు. అట్లనే తూకానికి వేసినారు. మూడు దినాలు ముళబాగిలు పాతసామాన్ల లారీలు వచ్చినాయి. నేనే గేటుకాడ నిలబడి ఎక్కించినాను."

తమ్ముడు ఐరన్ పక్కన పెట్టాడు.

"మీరేం చేస్తారండీ," అన్నాను నేను. "పైవాళ్లు చెప్పినారు."

"పైవాళ్లు చెప్పినారు. ఎత్తిచ్చినేది నేను." గీకడం ఆపలేదు. "ఇరవై ఏండ్లు ఒక వాషరు గూడా ఊరికే ఇయ్యలేదు నేను. ఆ మూడు దినాల్లో అంతా ఇచ్చేసినాను."

 నేను లేచి టీ పెట్టాను. మనసులో ఉన్నది బయటికి వచ్చింది కదా, ఇక తేలికవుతుంది అనుకున్నాను. పుస్తకాల్లో అలాగే రాస్తారు.

పని ముగిసిన ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రేడియోకు కరెంటు ఇచ్చారు. నేరుగా ఇవ్వకుండా మధ్యలో ఒక బల్బు తగిలించాడు తమ్ముడు. లోపల ఎక్కడైనా తప్పుంటే బల్బు భగ్గున వెలుగుతుందని, రేడియోకు దెబ్బ తగలదని చెప్పాడు. స్విచ్చు వేయగానే బల్బు ప్రకాశంగా వెలిగింది. మా ఆయన ప్లగ్గు వైపు చెయ్యి చాపారు. బల్బు మెల్లిగా మసకబారింది.

"మంచిదే బావా. అట్లనే ఉండాల."

వాల్వుల లోపల ఎర్రటి నిప్పు దారాలు కనిపించాయి. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత సన్నగా ఒక గాలి శబ్దం. ఆయన ముల్లును మెల్లిగా తిప్పారు. ఎవరో కన్నడంలో పట్టుపురుగుల పెంపకం గురించి చెబుతున్నాడు, తడి ఆకు వేయకూడదని, ఆకు ఎప్పుడు కోయాలో, గదిలో గాలి ఎట్లా ఆడాలో. గొంతు నిండుగా, పక్క గదిలో మనిషి మాట్లాడుతున్నట్టు ఉంది. ముగ్గురం ఆ పట్టుపురుగుల ప్రసంగం చివరిదాకా విన్నాం. మా ఆయన చెయ్యి పెట్టె మీదే ఉంది. నేను రేడియోను కాదు, ఆయన ముఖాన్నే చూశాను. సంతోషం ఉంది. ఉన్నట్టే అనిపించింది.

ఆ వారం ఆయన దాన్ని పొద్దంతా పెట్టారు. పైవారం కొంచెం తగ్గింది. ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, బల్ల మీద సామానంతా తీసేసి, తుడిచి, కూర్చున్నారు. తమ్ముడు భోజనానికి వచ్చాడు గాని చెయ్యడానికి పనేమీ లేదు. తిని, కాసేపు రేడియో విని, నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోయాడు. ఆయన అలాగే ఖాళీ బల్ల ముందు కూర్చున్నారు.

"పెట్టమంటారా?" అని రేడియో వైపు చెయ్యి చాపాను.

"వద్దు. అయిపోయింది గదా," అన్నారు.

నాకు అప్పుడు భయం వేసింది. ఆయనకు కావలసింది పాటలు కాదు, వార్తలు కాదు. తమ్ముడు సగం విప్పిన ఇనుప పళ్లేం ముందు కూర్చోవడం కావాలి. అది ముగిసిపోయింది. మేమే శ్రద్ధగా, ఆదివారం ఆదివారం కూర్చుని దాన్ని ముగించేశాం. పక్క వారం నేను స్కూలు నుంచే ముళబాగిలు బస్సెక్కి, అక్కడ పాత సామాన్ల అంగళ్లు తిరిగి, పాడైపోయిన ఒక రేడియో కొని ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎవురిది?" అని అడిగారు. అంగడిది అన్నాను. "ఎవురిదో తెలీదా?" అని మళ్లీ అడిగి, గోడ వైపు జరిపేశారు. అది విప్పనే లేదు.

తమ్ముడు దేనికైనా పనికొస్తుందని తన సాల్డరింగ్ ఐరన్‌తో పాటు మీటరు ఒకటి మా ఇంట్లో వదిలేశాడు. కండెన్సరు కాళ్లకు తగిలిస్తే దాని బలం ఎంతో అంకెల్లో చూపిస్తుంది. ఒకరోజు నేను వచ్చేసరికి బిస్కెట్ల డబ్బా తెరిచి ఉంది. పాతవాటిని కాగితాలు విప్పి రెండు వరసలుగా పేర్చి ఉన్నారు. ఒక వరస చాలా చిన్నది.

"ఇవి మాత్రమే చెడిపోయినేవి," అన్నారు ఆ చిన్న వరసను చూపిస్తూ. "తక్కినవంతా బాగుండాయి. చూడు." ఒకదాన్ని మీటరుకు తగిలించారు. గొట్టం మీద రాసి ఉన్న అంకె, మీటరు చూపిన అంకె దాదాపు ఒకటే. "బాగుండేదాన్ని తీసేసినాము. ఎవురు చెప్పినారు తియ్యమని?"

మర్నాడు ఫోనులో తమ్ముడితో ఆయన చేతే మాట్లాడించాను. తమ్ముడు ఓపికగా చెప్పాడు. నాకు వినిపిస్తూనే ఉంది. "మీటరు చిన్న బ్యాటరీతో చూస్తాది బావా. దానికి బాగుండేటట్లే అనిపిస్తాది. రేడియో లోపల వందల వోల్టులు ఉంటాయి. అంత భారం మీద పడితే అవి తట్టుకోవు. చూసేకి బాగుంటాయి, అంతే."

ఆయన ఫోను నాకు ఇచ్చేసి, "భారం పెట్టి చూసినాడా వాడు?" అన్నారు. "చూడకుండానే తీసినాడు."

అది కోపం కాదు. కోపమైతే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది. డబ్బా దాచేద్దామా అనుకున్నాను. పెద్దమనిషిని పట్టుకుని చిన్నపిల్లవాడి చేతిలో బొమ్మ లాక్కున్నట్టు ఉంటుందని ఊరుకున్నాను. రోజూ వెళ్లేటప్పుడు, "రేడియోను విప్పవద్దండీ, కరెంటు ప్రమాదం," అని చెప్పి వెళ్లేదాన్ని. ఆయన సరే అనేవారు.

పరీక్షలు జరుగుతున్న రోజులు. మధ్యాహ్నానికే స్కూలు విడిచారు. వీధి మలుపులోనే నాకు వాసన తగిలింది, లక్క కాలినట్టు, తారు కాగినట్టు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల రేడియో వెనక అట్ట లేదు. కొత్త కండెన్సర్లు, ఆ పసుప్పచ్చవి, బల్ల చివర శుభ్రంగా వరసపెట్టి ఉన్నాయి. పాతవి ఎక్కడివక్కడ, ఒక్కటీ తారుమారు కాకుండా, మళ్లీ లోపల అతికి ఉన్నాయి. బల్బు లేదు. నేరుగా గోడకే తగిలించారు. వాల్వుల్లో ఒకదాని లోపలి రేకు కొలిమిలో ఇనుములా ఎర్రబడి ఉంది. బుయ్యిమని ఒకే శబ్దం గది నిండా.

నేను ప్లగ్గు పీకేశాను. శబ్దం వెంటనే ఆగలేదు, కొంచెం కొంచెంగా సన్నబడి పోయింది. కిటికీలు తెరిచాను. ఆయన కుర్చీలో ముందుకు వంగి, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుని ఉన్నారు. చేతి మీద రెండు చోట్ల ఐరన్ తగిలి కాలిన బొబ్బలు.

"ఏం పని చేసినారండీ," అన్నాను. 

"పాడింది," అన్నారు ఆయన. "చానా సేపు పాడింది. పాతవాటితోనే పాడింది. మీ తమ్మునికి చెప్పు."

"కాలిపోయింది గదా."

"కాలేదానికి ముందు పాడింది."

నేను ఆయన చేతికి కొబ్బరినూనె రాశాను. రాస్తున్నంతసేపు ఆయన రేడియో వైపే చూస్తున్నారు. ఎవరైనా వచ్చి, ఔను, వీటిని తీసేసి ఉండకూడదు అని చెబుతారేమోనని చూస్తున్నట్టు. నేను చెప్పలేకపోయాను. చెప్పినా అది అబద్ధం. చెప్పకపోతే ఆ ముఖం అలా ఉంది.

ఆదివారం తమ్ముడు వచ్చి చూశాడు. స్పీకరు దగ్గరి ట్రాన్స్‌ఫార్మరు తీగచుట్ట మాడిపోయింది, ఒక వాల్వు పోయింది.  "బెంగళూరులో చుట్టించుకొని వస్తాను బావా. మళ్ల చేసుకుందాం," అన్నాడు. వాడి గొంతులో ఆశ ఉంది. నాకూ, చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, అది వినగానే ఆశ పుట్టింది. మళ్లీ ఆదివారాలు ఉంటాయి కదా.

మా ఆయన తల అడ్డంగా ఊపారు. "ఎత్తుకొని పో," అన్నారు. "నాకాడ పెట్టొద్దు."

తమ్ముడు దాన్ని దుప్పటిలో చుట్టి తీసుకుపోయాడు. డబ్బా, మీటరు అన్నీ. ఆయన వసారాలోకి కూడా రాలేదు.

తర్వాత ఆయన్ని బెంగళూరు ఆస్పత్రికి తీసుకుపోయాం. డాక్టరు మంచివాడే. ఆయనతో విడిగా చాలాసేపు మాట్లాడాడు, మాత్రలు రాశాడు. ఇంట్లో ఏదైనా వ్యాపకం కల్పించండమ్మా అని నాతో అన్నాడు. కల్పించాం సార్ అని మాత్రం అన్నాను.  మాత్రలతో నిద్ర వచ్చేది, ఒళ్లు వచ్చింది. మాటలు రాలేదు. అన్నం పెడితే తినేవారు, పెట్టకపోతే అడిగేవారు కాదు. ఒకరోజు నేను వచ్చేసరికి వంటింట్లో గ్యాసు తిప్పి వదిలేసి ఉంది. కావాలని చేశారో, మరిచిపోయారో ఈనాటికీ నాకు తెలియదు. 

ఇంట్లో ఒక్కరినే వదిలి వెళ్లడానికి ఇక ధైర్యం చాలలేదు. హెడ్మాస్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాను.  "తోడుకొని రా అమ్మా. ఎవురేమంటారు," అన్నాడు. అప్పటి నుంచి రోజూ మా ఆయన్ని నాతో పాటే బేతమంగళ బస్సెక్కించేదాన్ని. ఇస్త్రీ చొక్కా తొడిగి, తల దువ్వి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయేదాన్ని. స్కూలు వసారాలో ఒక బెంచీ వేయించారు. సాయంత్రం దాకా దాని మీద కూర్చునేవారు. పిల్లలు అటూ ఇటూ పోతూ "నమస్తే సార్" అనేవాళ్లు. మొదట్లో తల ఊపేవారు. నేను తొమ్మిదో క్లాసు పిల్లలకు పాఠం చెబుతూ కిటికీలోంచి ఆ తెల్ల చొక్కా కనిపిస్తుందా అని చూసుకునేదాన్ని. ఎప్పుడూ కనిపించేది. కదలని మనిషి ఎక్కడికి పోతారు. అయినా చూసేదాన్ని. పాఠం మధ్యలో ఏం చెబుతున్నానో మరిచిపోతే పిల్లలు అందించేవాళ్లు.

అలా కొన్నేళ్లు గడిచాయి. బస్సులో మా ఇద్దరికీ ఒక సీటు ఖాయమైపోయింది. కండక్టరు కూడా ఆయన్ని పలకరించడం మానేశాడు.

ఒక ఏడు వానలు బాగా పడి, బేతమంగళ చెరువు ఎన్నో ఏళ్ల తర్వాత నిండింది. కట్ట చివరి మరవ మీంచి నీళ్లు పొర్లి పారుతున్నాయని ఊరూరూ చెప్పుకున్నారు. పొద్దున మా బస్సు కట్ట దగ్గరికి రాగానే డ్రైవరు పక్కకు తీసి నిలిపాడు. "చూసేవాళ్లు చూసి రండప్పా, బిరిన్నే రండి," అన్నాడు. బస్సంతా దిగిపోయింది. పాల క్యాన్ల వాళ్లు, కాలేజీ పిల్లలు, ముసలమ్మలు, అందరూ కట్ట ఎక్కి నీళ్లు చూస్తున్నారు. కిటికీలోంచి చల్లటి గాలి, నీళ్ల వాసన లోపలికి వచ్చాయి. ఎవరో పిల్లను భుజాల మీద ఎత్తి చూపిస్తున్నారు.

"చూడండి, చెరువు నిండి ఉండాది," అన్నాను. "ఎన్నేండ్లయిందో గదా. దిగుదామా?"

ఆయన ముందు సీటు కమ్మీని చూస్తున్నారు. నేను గడ్డం కింద చెయ్యి పెట్టి ఆ ముఖాన్ని మెల్లిగా కిటికీ వైపు తిప్పాను. తిరిగింది. కళ్లు నీళ్ల మీద ఉన్నాయి. చెయ్యి తీయగానే ముఖం మళ్లీ కమ్మీ వైపు వచ్చేసింది.

నాకు దిగి చూడాలని ఉంది. రెండు నిమిషాల పని. ఆయన పక్కనే కూర్చుండిపోయాను. జనం మాట్లాడుకుంటూ, చెప్పుల బురద మెట్టుకు రాసుకుంటూ ఎక్కారు. డ్రైవరు బస్సు తీశాడు.

ఆయన ఆ మరుసటి ఏడు పోయారు.